మన నంబర్ ప్లేటుతో యూరప్‌లో నెలల తరబడి: మోటార్‌హోమ్ గడువుల లెక్క

మోటార్‌హోమ్‌ను, అంటే పడకా వంటా అన్నీ లోపలే ఉండే బండిని, యూరప్ తీసుకెళ్లి కొన్నాళ్లు అక్కడే ఉంచుకుందామనుకునేవాళ్లు మా సైనిక్‌పురిలో నన్ను కలిస్తే, ముందు ఓడ ఖర్చెంతని అడుగుతారు. నేను ముందు క్యాలెండర్ తీయమంటాను. బండికి ఒక గడువు, మనిషికి ఒక గడువు. రెండూ ఒకే రోజు మొదలైనా ఒకే రోజు ముగియవు.

యూరోపియన్ యూనియన్‌లో నివసించని వాళ్లు బయటి దేశంలో రిజిస్టరైన సొంత బండిని సుంకం కట్టకుండా 6 నెలలు అక్కడ వాడుకోవచ్చు. టూరిస్టు షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) మీద వెళ్లిన మనం మాత్రం ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. మార్చి 1న బండితో పాటు మీరూ దిగారనుకోండి. ఏకబిగిన ఉంటే మే 29తో మీ 90 రోజులు అయిపోతాయి. మళ్లీ అడుగుపెట్టగలిగేది ఆగస్టు 28న. బండి గడువు ఆగస్టు నెలాఖరుకే తీరిపోతుంది. మిగిలిన ఆ నాలుగు రోజుల్లో బండిని స్టోరేజీ నుంచి తీసి పోర్టుకు చేర్చి ఓడెక్కించడం ఎంత టెన్షనో ఆలోచించండి.

అందుకే నేను రెండు దారులే చెబుతాను. ఒకటి, తొలి నెలన్నర ఉండి, హైదరాబాద్ వచ్చేసి, చివరి నెలన్నరకు మళ్లీ వెళ్లడం. రెండోది, షెంగెన్ రోజులు అయ్యాక బండిని బ్రిటన్‌కు దాటించడం. అక్కడ విజిటర్ వీసా మామూలుగా 6 నెలలు, బండికీ 6 నెలలే. పైగా రోడ్డుకు ఎడమవైపు నడపడం మనకు అలవాటే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. స్విట్జర్లాండ్, నార్వే షెంగెన్‌లో ఉన్నాయి కానీ యూనియన్ కస్టమ్స్ పరిధిలో లేవు. ఐర్లాండ్ సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడుంటే బండి నెలలు కరుగుతాయి, మీ షెంగెన్ రోజులు కరగవు. వీసా మాత్రం విడిగా తీసుకోవాలి. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో రాకపోకలను వేలిముద్రలతో కంప్యూటర్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. ఒక్క రోజు ఎక్కువున్నా తెలిసిపోతుంది.

బండి అక్కడ అడుగుపెట్టిన తేదీకి రుజువు మీ దగ్గరే ఉండాలి. పోర్టులో దించినప్పుడు కస్టమ్స్ ఇచ్చిన కాగితం, ఫెర్రీ టికెట్టు, స్టోరేజీ రసీదు, అన్నీ ఒకే ఫైల్లో పెట్టండి. మా ఇంట్లో మావారు బండి నడిపితే ఫైల్ నేను నడుపుతాను.

పిల్లలు అక్కడే స్థిరపడ్డవాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మీరు హైదరాబాద్‌లో ఉండగా అల్లుడుగారు సరదాగా వారాంతానికి బండి తీయకూడదు. ఆయన యూనియన్ నివాసి. ఓనర్ అక్కడ ఉండగా, ఓనర్ అడిగితే అప్పుడప్పుడు నడపొచ్చు, అంతే. పట్టుబడితే మామూలు కారుకు కట్టినట్టే 10 శాతం సుంకం, ఆపైన జర్మనీలో అయితే 19 శాతం వ్యాట్ మెడకు చుట్టుకుంటాయి. తాళాలు మా అమ్మాయి ఇంట్లోనే ఉంటాయి, కానీ బండి మాత్రం మేము వెళ్లాకే కదులుతుంది.

ఇక కార్నెట్. అంటే బండిని సుంకం కట్టకుండా కొన్నాళ్లకు ఒక దేశంలోకి తీసుకెళ్లి మళ్లీ బయటికి తెస్తామని కస్టమ్స్‌కు హామీగా చూపే పుస్తకం. యూనియన్‌లో ఇది అక్కర్లేదు. దారిలో యూఏఈ, ఇరాన్ లాంటి దేశాలు తగిలితే తప్పదు. మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. గడువు ఏడాది. ఒక్కో పేజీ మూడు ముక్కలుగా ఉంటుంది. దేశంలోకి వెళ్లేటప్పుడు కింది ముక్క చింపుకుంటారు, బయటికి వచ్చేటప్పుడు మధ్య ముక్క. పై ముక్క పుస్తకంలోనే ఉండిపోతుంది, దాని మీద రాకకో ముద్ర, పోకకో ముద్ర పడాలి. కౌంటర్ దగ్గర వెనక ఎంత క్యూ ఉన్నా, రెండో ముద్ర, తేదీ స్పష్టంగా పడ్డాయో లేదో చూసుకునే కదలండి. బయటికి వచ్చిన ముద్ర లేకపోతే బండి అక్కడే ఉండిపోయిందని లెక్క, సుంకం కట్టమంటారు. దానికోసమే బ్యాంక్ గ్యారంటీ అడుగుతారు. నేను బ్యాంకులో పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, గ్యారంటీ అంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇరుక్కుపోవడం, పైగా కమీషన్. ఆ డబ్బు చేతికి రాదనుకునే బడ్జెట్ వేసుకోండి.

పాకిస్తాన్ వైపున్న అట్టారీ సరిహద్దు 2025 ఏప్రిల్‌లో మూసేశారు కాబట్టి ఆ వైపు రోడ్డు దారి మర్చిపోండి. ఫోర్స్ ట్రావెలర్ మీద కట్టిన మా బండి లాంటివి ఎత్తు. హై క్యూబ్ కంటైనర్ తలుపు ఎత్తే సుమారు 2.58 మీటర్లు. అందుకని బండిని నడిపి ఎక్కించే రోరో ఓడే చూసుకోవాలి. గ్యాస్ సిలిండర్‌తో పంపొద్దు.

బయల్దేరే ముందు ఆర్‌సీలో బాడీ రకం సరిగా ఉందో చూసుకోండి. సీట్లు తీసేసి మంచాలు వేసిన వ్యాన్ కాగితం మీద వ్యాన్‌గానే ఉంటే ఇక్కడే ఇబ్బంది. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఆర్‌టీఏలో తీసుకోవాలి, అదీ ఏడాదే. అక్కడుండగా గడువు ముగిస్తే భారత రాయబార కార్యాలయం ద్వారా మళ్లీ దరఖాస్తు చేసుకునే వీలు 2021 నుంచి ఉంది. వెనక అద్దం పక్కన ఐఎన్‌డీ (భారత్ గుర్తు) స్టిక్కర్ అతికించండి.

మన ఇన్సూరెన్స్ అక్కడ చెల్లదు. అదనపు ప్రీమియంతో మన పాలసీని పొడిగించుకోగలిగేది నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులకే. యూరప్‌లో ఫ్రాంటియర్ ఇన్సూరెన్స్ కొనాలి. అది ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే, మన బండి పోతే పైసా రాదు. అలాగని ఇక్కడి పాలసీని వదిలేయకండి. గడువు దాటి 90 రోజులైతే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఆన్‌లైన్‌లో రెన్యూ చేసేయండి.

మన హెడ్‌లైట్లు ఎడమవైపుకు వెలుగు వేస్తాయి. కుడివైపు నడిపే దేశాల్లో అది ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. దానికి లైటు మీద అతికించే స్టిక్కర్లు దొరుకుతాయి. మెట్లున్న తలుపు కూడా అక్కడ రోడ్డు మధ్యవైపు తెరుచుకుంటుంది. రోడ్డు పక్కన ఆపినప్పుడు మనవలు దిగబోతే ముందు మీరు దిగి నిలబడండి. కరెంటు మనలాగే 230 వోల్టులు, కానీ ప్లగ్గు నీలిరంగు మూడు పిన్నులది. కొన్ని క్యాంప్‌సైట్లు 6 ఆంపియర్లే ఇస్తాయి, అంటే 1,380 వాట్లు. ఇడ్లీకి ఇండక్షన్ పొయ్యి, స్నానానికి గీజరు ఒకేసారి వేస్తే ట్రిప్ అవుతుంది.

చలికాలం బండిని వదిలి వచ్చేటప్పుడు మన ఊరి లెక్క పనికిరాదు. ట్యాంకు, పంపు, గీజరు, పైపుల్లో నీళ్లు పూర్తిగా తీసేసి, కుళాయిలు తెరిచే ఉంచాలి. ఒక్క మూలలో మిగిలిన నీళ్లు గడ్డకట్టినా ఫిట్టింగు పగులుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, కాబట్టి సోలార్ ఛార్జింగ్ ఆపేయండి. బీఎస్6 డీజిల్ బండ్లలో పొగలో కాలుష్యం తగ్గించడానికి పోసే డీఈఎఫ్ ద్రవం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. గ్యాస్ అక్కడ కొనేటప్పుడు ప్రొపేన్ అడగండి, బ్యూటేన్ గడ్డకట్టే చలిలో ఆవిరవ్వదు. రెగ్యులేటర్ కూడా అక్కడిదే కావాలి.

తిరుగు ఓడ గడువుకు కనీసం నెల ముందుండేలా బుక్ చేయండి. ముంబైలో దిగేసరికి పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఉండొచ్చు. హైదరాబాద్ బయల్దేరే ముందే పోర్టు దగ్గర్లోని బంకులో చేయించండి. కార్నెట్‌లో బండి దేశానికి తిరిగొచ్చినట్టు కస్టమ్స్ ముద్ర వేయించుకుని, ప్రతి పేజీ ఫొటో తీసుకున్నాకే పుస్తకాన్ని అసోసియేషన్‌కు స్పీడ్ పోస్టులో పంపండి. వాళ్లు లెక్క తేల్చి రాసిచ్చిన ఉత్తరం చూపిస్తేనే బ్యాంకు గ్యారంటీ వదులుతుంది.