స్వరతంత్రుల శస్త్రచికిత్స తరువాత గొంతును మాటకు అలవాటు చేసుకోవడం

స్వరతంత్రుల (గొంతులో కంపించి ధ్వని పుట్టించే మడతల) మీది పాలిప్‌నో (మెత్తటి బుడిపెనో), సిస్ట్‌నో (తిత్తినో) తీయించుకుని ఇంటికి వచ్చినవారిని నొప్పి కంటే ఎక్కువగా కలవరపెట్టేది బొంగురు. మాట్లాడేటప్పుడు ఈ తంత్రులు మగవారిలో సెకనుకు సుమారు 100 సార్లు, ఆడవారిలో సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి గనుక, వాపు తగ్గి పై పొర మళ్లీ మెత్తబడేదాకా గొంతు జీరగానే ఉంటుంది. సాధారణంగా ఇందుకు 4 నుంచి 6 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది.

డాక్టరు చెప్పినన్ని రోజులు, అంటే చాలామందికి 3 నుంచి 7 రోజులు, పూర్తిగా మౌనంగా ఉండాలి. గుసగుసలాడటం మౌనం కిందికి రాదు. దానివల్ల గొంతు కండరాలు మరింత బిగుసుకోవచ్చు. నా మౌనం రోజుల్లో నేను విశాఖలోని పూర్ణా మార్కెట్‌కు చీటీ పట్టుకుని వెళితే, నాకు చెవుడు కూడా ఉందనుకుందేమో, కూరలమ్మే ఆవిడ ధర వేళ్లు చూపించి చెప్పింది. గొంతులో ఏదో అడ్డుపడినట్టు అనిపించి పదేపదే సవరించుకోవాలనిపిస్తుంది, కానీ ఆ ప్రతి సవరింపూ మానుతున్న గాయం మీద దెబ్బే కాబట్టి, బదులుగా ఒక గుక్క నీళ్లు మింగండి.

మాట్లాడటానికి అనుమతి వచ్చాక, స్పీచ్ థెరపిస్టును అడిగి స్ట్రా అభ్యాసం మొదలుపెట్టవచ్చు. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా కొసను నీటి మట్టానికి రెండు సెంటీమీటర్ల కిందికి దించి, పెదవులతో వదులుగా పట్టుకుని, బుగ్గలు బిగించకుండా ‘ఊ’ అని సన్నగా స్వరం తీస్తూ ఊదాలి. బుడగలు ఆగకుండా ఒకే తీరున వస్తుంటే ఊపిరి సరిగ్గా అందుతున్నట్టు. ఒక్కసారిగా ఎగజిమ్మితే బలం ఎక్కువైనట్టు. నీటి నుంచి వచ్చే ఎదురు ఒత్తిడి వల్ల తంత్రులు గట్టిగా ఢీకొనకుండానే కంపిస్తాయి. రెండు మూడు నిమిషాల చొప్పున రోజుకు కొన్నిసార్లు చేస్తే చాలు.

విశాఖ గాలిలో తేమకు కొదవ లేదు గాని, రాత్రంతా ఏసీ గదిలో పడుకుంటే గొంతు ఎండిపోతుంది. బీచ్ రోడ్డు మీద నడక మంచిదే అయినా, అలల హోరులో మనకు తెలియకుండానే గొంతు పెంచి మాట్లాడతాం కనుక అక్కడ కబుర్లు వద్దు. మిరపకాయ బజ్జీలు తిని పడుకుంటే పులితేన్పులు గొంతుదాకా వస్తాయి. రాత్రి భోజనానికీ నిద్రకూ మధ్య మూడు గంటలు ఉండాలి. పొగ మానాలని వేరే చెప్పనక్కరలేదు.

ఆరు వారాలు దాటినా మార్పు లేకపోతే స్ట్రోబోస్కోపీ (మెరిసే వెలుగులో తంత్రుల కదలికను చూసే పరీక్ష) చేయించాలి. తంత్రి మీద మచ్చకట్టి గట్టిపడిందా, లేక గొంతు బిగించి మాట్లాడే పాత అలవాటే మిగిలిందా అన్నది అందులో తేలుతుంది. రెండోదైతే థెరపీతోనే చాలావరకు సర్దుకుంటుంది. ఊపిరి ఆడకపోయినా, పీల్చేటప్పుడు కూత వచ్చినా, నోట తాజా రక్తం పడినా మాత్రం మరుసటి ఓపీ రోజు కోసం ఆగకుండా విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెంటనే వెళ్లాలి.