మాస్క్ పెట్టుకున్నా ఘాటు తగులుతోందా? దుమ్ముకూ ఆవిరికీ సరైన వడపోతను ఎంచుకునే పద్ధతి

ఎండాకాలం మొదలయ్యే నాటికి గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) గుట్టలుగా పేరుకుంటాయి, ఆ దారిన వెళ్లే వారికి సైతం తుమ్ములు తప్పవు. అక్కడ తొడిమలు తీసేవారు, బస్తాలు మోసేవారు, విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీలకు రంగు కొట్టేవారు, పొలంలో మందు పిచికారీ చేసేవారు అందరూ ఒకే రకం తెల్ల మాస్క్ కొని, అది పనిచేయడం లేదని పక్కన పడేయడం తరచుగా కనిపిస్తుంది. చాలా సందర్భాల్లో లోపం మాస్క్‌లో ఉండదు. ముఖానికీ మాస్క్‌కూ మధ్య మిగిలిన సందులోనో, దుమ్ముకు పనికొచ్చే మాస్క్‌ను ఆవిరికి వాడటంలోనో ఉంటుంది. అందువల్ల ఇక్కడ కనిపించే లక్షణంతో మొదలుపెట్టి కారణం వైపు వెళ్దాం.

సమస్య: ఎన్95 పెట్టుకున్నా తుమ్ములు, దగ్గు ఆగడం లేదు

ఎన్95 మీద ఉన్న 95 అనే అంకె వడపోత పొరకు సంబంధించినది. అమెరికాలో కార్మికుల భద్రతపై పనిచేసే నియోష్ సంస్థ 1995లో అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం, మాస్క్‌ను అంచుల వెంట గాలి పోకుండా యంత్రానికి బిగించి, నిమిషానికి 85 లీటర్ల గాలిని దాని గుండా పంపి, సుమారు 0.3 మైక్రాన్ల ఉప్పు కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపిందా లేదా అని చూస్తారు. ఆ యంత్రానికి ముక్కు ఎముక ఉండదు, గడ్డం ఉండదు, చెమట పట్టదు. మన ముఖం మీద మాత్రం బుగ్గ పక్కన చిన్న సందు ఉన్నా గాలి అడ్డు తక్కువగా ఉన్న ఆ దారినే ఎంచుకుంటుంది. ఆ గాలికి 95 శాతం, 99 శాతం అనే లెక్కలేవీ వర్తించవు.

0.3 మైక్రాన్లే ఎందుకన్న ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం చెప్పుకోవాలి, ఎందుకంటే అంతకంటే చిన్న కణాలన్నీ దూరిపోతాయని చాలామంది నమ్ముతారు. వడపోత పొర కారం జల్లించే జల్లెడలా పనిచేయదు. పెద్ద కణాలు గాలితో పాటు వంపు తిరగలేక పోగులకు గుద్దుకుంటాయి. బాగా చిన్న కణాలు గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ చెదురుతూ పోగులకు అంటుకుంటాయి. ఈ రెండు విధాలా అంత తేలిగ్గా పట్టుబడనిది నడిమి పరిమాణమే కనుక, పరీక్షకు అన్నింటికంటే కష్టమైన ఆ కొలతకు దగ్గరి కణాలనే తీసుకున్నారు. మిర్చి దుమ్ములో కణాలు చాలావరకు అంతకంటే ఎంతో పెద్దవి, కాబట్టి మంచి ఎన్95 పొరకు వాటిని ఆపడం కష్టం కాదు.

పరిష్కారం పెట్టుకునే తీరులో ఉంది. పై పట్టీ నడినెత్తి వెనుక భాగాన, కింది పట్టీ చెవుల కింద మెడ మీద ఉండాలి. రెండింటినీ మెడ మీదకే లాగితే మాస్క్ జారుతుంది. ముక్కు మీది క్లిప్పును రెండు చేతుల వేళ్లతో ఇరువైపులా సమంగా ఒత్తాలి. ఒక్క చేత్తో నొక్కితే నడుమ కొస తేలి, దాని పక్కన సందు మిగులుతుంది. తరువాత అరచేతులతో మాస్క్‌ను కప్పి గట్టిగా ఊదినప్పుడు గాలి కళ్ల వైపు వస్తే క్లిప్పును, బుగ్గల వైపు వస్తే పట్టీలను సరిచేయాలి. కళ్లజోడు మసకబారుతోందంటే పైభాగాన గాలి లీకవుతోందనే అర్థం. యార్డులో చాలామంది ముందు తువ్వాలు చుట్టుకుని దాని మీద మాస్క్ పెట్టుకుంటారు. చెమటకు అది హాయిగా ఉండవచ్చు గానీ, మాస్క్ అంచు చర్మానికి ఆనకపోతే కొన్న డబ్బు వృథా. పెరిగిన గడ్డానిదీ ఇదే కథ, పట్టీ ఎంత బిగించినా లాభం లేదు.

ఇంత చేశాక కూడా కళ్లు మండితే మాస్క్‌ను తప్పుపట్టనక్కరలేదు. ముక్కూ నోరూ మాత్రమే కప్పే మాస్క్ కళ్లను కాపాడదు. చుట్టూ మూసుకుని ఉండే కళ్లద్దాలు వేరుగా కావాలి.

సమస్య: అట్ట మీద రాసిన అక్షరాల్లో ఏది నమ్మాలో తెలియడం లేదు

అమెరికా ఎన్95, చైనా కేఎన్95, కొరియా కేఎఫ్94, ఐరోపా ఎఫ్ఎఫ్‌పీ2 దాదాపు ఒకే స్థాయికి చెందినవి. ఐరోపా పద్ధతిలో ఎఫ్ఎఫ్‌పీ1 కనీసం 80 శాతం, ఎఫ్ఎఫ్‌పీ2 94 శాతం, ఎఫ్ఎఫ్‌పీ3 99 శాతం కణాలను ఆపాలి. మన దేశ ప్రమాణమైన ఐఎస్ 9473లో కూడా ఈ మూడు తరగతుల పేర్లే ఉన్నాయి, కాబట్టి ఇక్కడ తయారైన మాస్క్ మీద ఐఎస్ఐ గుర్తు, ఆ ప్రమాణం సంఖ్య, లైసెన్సు సంఖ్య వెతకాలి. నియోష్ ఆమోదం ఉన్న మాస్క్ మీద టీసీ-84ఏతో మొదలయ్యే సంఖ్య ఉంటుంది. చెవులకు తగిలించే తాళ్లతో ఉండి నియోష్ ఆమోదం ఉందని చెప్పినా, పిల్లల కోసం నియోష్ ఆమోదించినదని రాసినా అనుమానించాలి. ఆ సంస్థ పిల్లల మాస్క్‌లకు ఆమోదం ఇవ్వదు. ఆసుపత్రుల్లో వాడే పల్చని నీలి మాస్క్ ఈ వరుసలోకి రాదు, దాని పక్కలు తెరిచే ఉంటాయి.

సమస్య: దుమ్ము ఆగుతోంది, వాసన ఆగడం లేదు

ఆటోనగర్‌లో రంగు కొట్టేవారి ఫిర్యాదు ఎక్కువగా ఇదే. రంగు తుంపర కణం. థిన్నర్ వాసన ఆవిరి. కణాల వడపోత ఎంత గొప్పదైనా, దాదాపు అన్ని కణాలనూ ఆపే పీ100 అయినా సరే, ఆవిరిని ఆపలేదు. ఆవిరికి బొగ్గు నింపిన కాట్రిడ్జి, అంటే మాస్క్‌కు బిగించే చిన్న డబ్బా, కావాలి. రంగుల గుర్తులు దేశాన్ని బట్టి మారతాయి: సేంద్రియ ద్రావకాల ఆవిరికి అమెరికా పద్ధతిలో నలుపు, ఐరోపా పద్ధతిలో గోధుమ రంగు, అమోనియాకు రెండింటిలోనూ ఆకుపచ్చ. పసుపు దగ్గర జాగ్రత్త అవసరం: అమెరికాలో అది సేంద్రియ ఆవిరి, ఆమ్ల వాయువులు కలిపి ఆపేది, ఐరోపాలో సల్ఫర్ డయాక్సైడ్ వంటి ఆమ్ల వాయువులకు మాత్రమే. కాట్రిడ్జిని వాడనప్పుడు గాలి చొరని సంచిలో మూసి ఉంచకపోతే, గోడకు వేలాడుతూనే అది నిండిపోతుంది. గట్టిపడే మందు కలిపే రంగుల్లోని ఐసోసైనేట్‌లు ప్రమాదకర స్థాయిలో ఉన్నా వాసన తెలియకపోవచ్చు కనుక, వాటికి గొట్టం ద్వారా మంచి గాలి అందించే ఏర్పాటే సరైనది.

పురుగుమందు పిచికారీలో తుంపర కణాలూ ఆవిరీ రెండూ కలిసి ఉంటాయి. పైగా నూనె ఆధారంగా తయారైన మందులు ఎన్ రకం పొరను బలహీనపరుస్తాయి. ఎన్ అంటే నూనెను తట్టుకోలేనిదని అర్థం. ఆర్ రకం ఒక షిఫ్టు వరకు తట్టుకుంటుంది, పీ రకం ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. అందువల్ల మిర్చి, పత్తి రైతులు సేంద్రియ ఆవిరి కాట్రిడ్జికి ముందు పీ రకం పొర ఉన్న మాస్క్‌నే ఎంచుకోవాలి, డబ్బా మీది లేబుల్ మరోటి చెబితే దాన్నే పాటించాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఏ వడపోతా ఆక్సిజన్‌ను పుట్టించదు. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం, అది 19.5 శాతం కంటే తగ్గే అవకాశం ఉన్న మ్యాన్‌హోల్, సెప్టిక్ ట్యాంకు, పాడుబడిన బావిలోకి మాస్క్ నమ్ముకుని దిగకూడదు. కోల్డ్ స్టోరేజీలో అమోనియా లీకైతే ఆకుపచ్చ కాట్రిడ్జితో లోపలికి వెళ్లడం కాదు, గాలి వచ్చే దిక్కుగా బయటకు వెళ్లడం ముఖ్యం.

సమస్య: కాసేపటికే ఊపిరి ఆడనట్టుగా ఉంది

పొర దుమ్ముతో నిండిపోయినా, చెమటతో తడిసినా ఇలా అవుతుంది. రెండింటికీ మాస్క్ మార్చడమే మందు. మన ఎండల్లో, అవసరం లేని చోట ఎఫ్ఎఫ్‌పీ3 కొనడం కంటే, వదిలే గాలికి వాల్వు ఉన్న ఎఫ్ఎఫ్‌పీ2ను పనివేళంతా తీయకుండా పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. అయితే జిన్నింగ్ మిల్లులో పనిచేసేవారికి సెలవు తరువాత మొదటి రోజున ఛాతీ బిగపట్టినట్టు అనిపిస్తే అది మాస్క్ తప్పు అనుకోకూడదు. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు ఆ విధంగానే మొదలవుతుంది, వైద్యుడికి చూపించాలి.

ఉతికిన మాస్క్ హాయిగా ఊపిరి ఆడనిస్తుంది, కానీ పొర పోగుల్లో ఉండే స్థిర విద్యుత్తును సబ్బు నీరూ శానిటైజరూ పోగొడతాయి. చూడటానికి కొత్తదానిలా ఉన్నా అది ఇక దుమ్మును అంతగా ఆపదు.

సమస్య: ఇంట్లో ఎయిర్ ప్యూరిఫయర్ నడుస్తున్నా దుమ్ము తగ్గడం లేదు

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ కేంద్రం బూడిద లారీలు తిరిగే దారి పక్కన, కిటికీలు తెరిచి ప్యూరిఫయర్ నడపడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. కిటికీ మూసినా ఫలితం లేకపోతే సీఏడీఆర్ అంకె చూడాలి. అది యంత్రం నిమిషానికో గంటకో ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెబుతుంది. ఎనిమిది అడుగుల ఎత్తు గదికి, గది ఎన్ని చదరపు అడుగులో అందులో మూడింట రెండు వంతుల అంకె అన్ని ఘనపుటడుగుల గాలి నిమిషానికి కావాలన్నది అమెరికా గృహోపకరణాల తయారీదారుల సంఘం లెక్క. 150 చదరపు అడుగుల గదికి 100, అంటే గంటకు సుమారు 170 ఘనపు మీటర్లు. మన పది అడుగుల గదులకు దాని మీద పావు వంతు కలుపుకోవాలి. వడపోత హెచ్13 (హెపా అనే మేలు రకం వడపోతల్లో ఒక తరగతి) అయితే కష్టమైన పరిమాణపు కణాల్లోనూ 99.95 శాతం ఆపుతుంది, కానీ ఫ్యాన్ చిన్నదైతే ఆ శాతం గది మొత్తానికి చేరదు. ఏసీలోని ప్లాస్టిక్ జాలీ వెంట్రుకలనూ నూగునూ ఆపడానికే. ప్యూరిఫయర్ ముందు జాలీని వారానికోసారి దులపవచ్చు. లోపలి హెపాను మాత్రం, కడగవచ్చని తయారీదారు రాస్తే తప్ప, నీళ్లలో ముంచకూడదు.