విశాఖ ఎయిర్‌పోర్టు సెక్యూరిటీలో మనుషులు మానేయకుండా ఉండాలంటే: డ్యూటీ చార్టు ఇలా వేయండి

ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల తనిఖీ కేంద్ర బలగమైన సీఐఎస్‌ఎఫ్ చూసుకుంటుంది. చెక్-ఇన్ లగేజీ ఎక్స్‌రే, విమానం మెట్ల దగ్గర కాపలా, కేటరింగ్ బండ్ల తనిఖీ, పార్కింగ్ లాంటి పనులు ఎయిర్‌లైన్ల మనుషులో ఏజెన్సీల మనుషులో చేస్తారు. వాళ్లకు డ్యూటీలు వేసే సూపర్‌వైజర్లు, సైట్ ఇన్‌ఛార్జిల కోసం ఇది.

ఈ సిబ్బంది జీతం చాలకే మానేస్తున్నారని అంటుంటారు. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. అమెరికాలో 1998 మే నుంచి 1999 ఏప్రిల్ దాకా 19 పెద్ద విమానాశ్రయాల్లో స్క్రీనర్లు, అంటే తనిఖీ సిబ్బంది, మానేసి కొత్తవాళ్లు రావడం సగటున 126 శాతం. అంటే సగటున ఏడాది తిరక్కుండానే ఒక్కో సీట్లో మనిషి మారిపోయాడు. అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ తక్కువ జీతంతో పాటు, చేసిందే చేసే విసుగును కూడా కారణంగా చూపింది. జీతం టెండర్‌లోనే తేలిపోతుంది. చార్టు మాత్రం మీ చేతిలోనే ఉంది.

ముందు మనుషుల లెక్క సరిచూసుకోండి. ఒక పోస్టుకు, అంటే ఎప్పుడూ ఒక మనిషి ఉండాల్సిన చోటుకు, రోజుకు మూడు షిఫ్టులు, అంటే ఏడాదికి 1,095. మనిషికి 52 వారపు సెలవులు, మిగతా సెలవులు, ట్రైనింగ్ కలిపి ఇంకో 35 రోజులు తీసేస్తే చేతికొచ్చేవి 278 డ్యూటీలే. 1,095ను 278తో భాగిస్తే 3.94. ఒక్కో పోస్టుకు నలుగురు కావాలన్నమాట. చాలా చోట్ల మూడున్నర లెక్కన పెడతారు, ఎందుకంటే వారానికి 21 షిఫ్టుల్ని 6తో భాగిస్తే అదే వస్తుంది; సెలవులు మాత్రం లెక్కలోకి రావు. పది పోస్టుల సైట్‌లో 35 మందే ఉంటే ఏడాదికి 1,220 షిఫ్టులు తగ్గుతాయి. రోజుకు మూడు డబుల్ డ్యూటీలు పైమాటే. అవి రోజూ మాట కాదనలేని ఆ ముగ్గురి నెత్తినే పడతాయి. ముందు మానేసేదీ వాళ్లే. ఈ లెక్కను కాగితం మీద వేసి, ఏజెన్సీ మేనేజర్‌కూ ఎయిర్‌లైన్ స్టేషన్ మేనేజర్‌కూ ఇవ్వండి. మనుషులు కావాలని నోటితో అడిగితే పని జరగదు.

షిఫ్టుల్ని ఉదయం, మధ్యాహ్నం, నైట్ వరసలోనే ముందుకు తిప్పండి. రాత్రి 10కి దిగిన మనిషిని తెల్లారి 6కి ఎక్కించొద్దు. గాజువాకో పెందుర్తో వెళ్లి, తిని, పడుకుని, మళ్లీ నాలుగున్నరకు లేవాలంటే నిద్ర అయిదు గంటలు కూడా దక్కదు. మధ్యలో కనీసం 12 గంటలు ఉండాలి. ఇంకో పొరపాటు మరీ ఎక్కువ జరుగుతుంది: సోమవారం ఉదయం 6కి నైట్ దిగితే, ఆ సోమవారాన్నే ఆఫ్‌గా రాసేస్తారు. ఆ రోజంతా నిద్రకే సరి. మంగళవారం పూర్తిగా వదిలి, బుధవారం వేయండి. అదీ ఆఫ్ అంటే.

మహిళల్ని మహిళలే తనిఖీ చేయాలి కాబట్టి, షిఫ్టులో ఒక్కరినే పెడితే ఆవిడ ఎనిమిది గంటలూ ఆ పోస్టులోనే ఇరుక్కుపోతుంది. బాత్రూంకు వెళ్లాలంటే వేరే పోస్టు నుంచి ఎవరో రావాలి, వచ్చేవాళ్లు ఉండరు. అందుకని నీళ్లు తాగడం మానేస్తారు. విశాఖ ఉక్కపోతలో అది యూరిన్ ఇన్ఫెక్షన్‌కు దారి తీయొచ్చు. షిఫ్టుకు తప్పనిసరిగా ఇద్దరు ఉండాలి. రిలీఫ్ టైమ్ చార్టులోనే రాయండి. "వీలైనప్పుడు వెళ్లమ్మా" అంటే ఆ వీలు ఎప్పటికీ రాదు.

ఎక్స్‌రే స్క్రీన్ ముందు 20 నిమిషాలు మించకూడదు. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో 20 నిమిషాల తర్వాత కనీసం 10 నిమిషాలు స్క్రీన్‌కు దూరంగా ఉండాలని ఉంది. ముగ్గురుంటే స్క్రీన్, బ్యాగు విప్పి చూడటం, బెల్టు మీద సర్దడం వరసగా తిప్పండి. మనిషి గంటకోసారే స్క్రీన్ ముందుకొస్తాడు. ఫ్లైట్లు ఒత్తుగా ఉన్న టైమ్‌లో ఈ మార్పు తప్పిపోతుంది. కంటిచూపు బాగున్న కుర్రాడిని గంటన్నర కదలనివ్వరు, అప్పుడే తప్పులు దొర్లుతాయి. స్క్రీన్ పక్కన గోడ గడియారం పెట్టండి, మార్పును సూపర్‌వైజరే పిలవాలి. సిబ్బందిని పరీక్షించడానికి మెషీన్ మధ్యమధ్యలో చూపించే నకిలీ తుపాకీ, కత్తి బొమ్మల్ని పట్టుకోలేదని మెమో ఇవ్వకండి. ఆ బొమ్మ ఏ కోణంలో ఉందో కూర్చోబెట్టి చూపించండి.

కొత్తవాళ్లు ఎక్కువగా జారిపోయేది సెలెక్షన్‌కూ ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్లే పాస్ రావడానికీ మధ్యలో. పోలీసు వెరిఫికేషన్ అయ్యేదాకా జీతం లేకుండా కూర్చోబెడితే స్టీల్‌ప్లాంట్ వైపో పోర్టు వైపో ఇంకో పని చూసుకుంటారు. పాస్ అక్కర్లేని పార్కింగ్, టెర్మినల్ బయటి పోస్టుల్లో మొదటి రోజు నుంచే జీతంతో వేయండి. పాత పాసుల గడువు తేదీలు ఒక షీట్‌లో పెట్టుకుని రెండు నెలల ముందే రెన్యువల్ పంపండి. పాస్ ఆగినన్ని రోజులూ మనిషికి డ్యూటీ పోతుంది, తప్పు ఆఫీసుదే అయినా నష్టం అతనిదే.

డబ్బు సంగతి. జీతం 7వ తేదీలోగా పడాలి, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు కట్టాలి. పేస్లిప్‌లో డబుల్ డ్యూటీలు విడిగా కనపడాలి. పీఎఫ్ జమ అయిందో లేదో పాస్‌బుక్‌లో మూడు నెలలకోసారి సిబ్బంది చేతే చూపించండి. 21,000 లోపు జీతానికి ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, ఉంటుంది. కార్డు అందిందా, మల్కాపురం ఆస్పత్రికి ఎలా వెళ్లాలో తెలుసా అని మొదటి నెలలోనే అడగండి.

రాత్రి 10కి దిగేవాళ్లకు బస్సు దొరకడం కష్టం. మర్రిపాలెం, గోపాలపట్నం, గాజువాక రూట్ల వారీగా మనుషుల్ని విడగొట్టి, ఒకే రూట్‌వాళ్లను ఒకే షిఫ్టులో వేస్తే ఒక్క బండి సరిపోతుంది. భోగాపురం ఎయిర్‌పోర్టులో డ్యూటీ అంటే నగరం నుంచి 40 కిలోమీటర్ల పైమాటే. అక్కడికి మనుషుల్ని తీసుకునేటప్పుడు విజయనగరం, తగరపువలస, భోగాపురం ఊళ్లవాళ్లకు ముందు అవకాశం ఇవ్వండి. మిగతావాళ్లకు బండి ఎక్కే చోటు, టైమ్ ఆఫర్ లెటర్‌లోనే రాసివ్వండి.

మానేసిన ప్రతి ఒక్కరికీ రిజిస్టర్‌లో ఒక వరస రాయండి: ఎన్ని నెలలు చేశారు, ఏ పోస్టు, చివరి నాలుగు వారాల్లో ఎన్ని డబుల్ డ్యూటీలు, జీతం ఏ తేదీన పడింది. వెళ్లిపోయే రోజున అడిగితే అందరూ "ఇంట్లో ఇబ్బందులు సార్" అనే అంటారు. చేరిన 30వ రోజున, 90వ రోజున అడగండి.