చలినీళ్లు వస్తున్నాయి: ఎయిట్ నిండినా సరే, పడవను వదలొద్దు

పోయిన నెల మా క్లబ్బు ఎయిట్ (ఎనిమిది మంది ఓర్లతో, అంటే తెడ్లతో, లాగే సన్నటి రేసు పడవ) ఒకటి ఎదురుగాలిలో నడినీట నీళ్లతో నిండిపోయింది. లాగే ఎనిమిది మంది, చుక్కాని పట్టి పిలుపులిచ్చే కాక్స్, మొత్తం తొమ్మిది మందీ ప్రాణాలతో ఇంటికి వెళ్లారు. కానీ ఆ తొమ్మిది మందిలో ఇద్దరు పడవ వదిలేసి ఒడ్డుకు ఈదడం మొదలుపెట్టారు. ఇద్దరూ మంచి ఈతగాళ్లు. ఒడ్డు నూట యాభై మీటర్లు కూడా ఉండదు. లాంచ్‌లో (వెంట వచ్చే మోటారు బోటు) నేను దగ్గరికి వెళ్లి తాడు విసిరితే సరిగ్గా ఒకతని అరచేతిలో పడింది. అతను దానివైపే చూస్తున్నాడు. వేళ్లు మాత్రం ముడుచుకోవడం లేదు. తాడు అలా చేతిలోంచి జారిపోయింది. చివరికి చంకల కింద చేతులేసి లాగాం. నీళ్లలో పడి అప్పటికి పది నిమిషాలు కూడా కాలేదు.

ఇంకొన్ని వారాల్లో నీళ్లు మరింత చల్లబడతాయి, హెడ్ రేసులూ (ఒకదాని వెనక ఒకటి వదిలి టైమ్ చూసే పొడుగు రేసులు) అప్పుడే. ఈత నేర్చుకోండి, వాతావరణం చూసుకోండి లాంటివి మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను. ఎన్నో ఏళ్లుగా మళ్లీ మళ్లీ చూస్తున్న ఒక్క తప్పు గురించే ముందుగా చెబుతాను.

ఒడ్డు దగ్గరే కదా అనుకోవడం

పడవ నిండగానే కళ్లు ఒడ్డు వైపు వెళ్తాయి. చెట్లు, మెట్లు, మనుషులు అన్నీ కనిపిస్తుంటాయి. రెండు నిమిషాల పని అనిపిస్తుంది. కొలనులో అయితే నిజంగానే రెండు మూడు నిమిషాల పని. చలినీళ్లలో కాదు.

15 డిగ్రీల కంటే చల్లని నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి మీ అదుపులో ఉండదు. ఒక్కసారిగా గాలి ఎగబీలుస్తారు, ఆ క్షణంలో నోరు నీటి కింద ఉంటే పీల్చేది నీళ్లే. ఆ నిమిషం దాటాక కాస్త కుదుటపడినట్టు ఉంటుంది. మోసం చేసేది అదే. పది నిమిషాల్లోపే చేతులకు, కాళ్లకు రక్తం తగ్గిపోయి కండరాలు మాట వినవు. బార మీద బార వేస్తున్నామనే అనుకుంటారు, ముందుకు మాత్రం కదలరు. ఒళ్లంతా చల్లబడి స్పృహ తప్పడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. అంటే పడవ పట్టుకుని ఉన్నవాడికి సాయం వచ్చేదాకా టైమ్ ఉంది. ఈదేవాడికి లేదు. చలి చంపేలోపే చేతులు చచ్చుబడి మనిషి మునిగిపోతాడు.

పైగా ఒంటరి తల నీళ్లమీద కనిపించదు. పదిహేడు మీటర్ల పడవ, దానికి అటూ ఇటూ ఓర్లు అయితే దూరం నుంచే కనిపిస్తాయి. లాంచ్ వెతుక్కుంటూ వచ్చేది పడవ కోసం. అందుకే పడవను వదలొద్దు. ఎంత బాగా ఈత వచ్చినా వదలొద్దు.

నీళ్లు నిండుతున్నాయని తెలియగానే కాక్స్ ఆపమని అరవాలి. ఓర్లు వదలకుండా బ్లేడ్లు నీటిమీద పరిచి పట్టుకోవాలి, పడవ ఒరగకుండా నిలబెట్టేవి అవే. పడవకు బిగించి ఉండే షూస్‌లోంచి పాదాలు తీసేయండి. విజిల్ ఊదండి, చేతులు ఊపండి. పడవ మీ బరువు మోస్తున్నంతసేపూ సీట్లోనే కూర్చోండి, నడుము దాకా నీళ్లున్నా సరే. మోయలేకపోతోంది, మధ్యలో కుంగుతోంది అనిపిస్తే మధ్యవాళ్లు జంటగా ముందు దిగాలి, ఫోర్, ఫైవ్ సీట్లవాళ్లు మొదట. ఆ తర్వాత చివరలవైపు జంటలు జంటలుగా. దిగడమంటే పడవ పక్కన నీళ్లలోకి దిగి దాన్నే పట్టుకోవడం. ఇంకా అవసరమైతే పడవను బోర్లా తిప్పి, జంటలో ఇద్దరూ అటూ ఇటూ ఉండి, ఛాతీ పైకి ఆనించి, ఒకరి మణికట్టు ఒకరు పట్టుకోండి. బో (పడవ ముందు కొసన ఒకటో సీటు) నుంచి కాక్స్ దాకా నంబర్లు పిలుచుకోండి. ఒక నంబరు రాకపోతే వెంటనే తెలియాలి.

నీళ్లలో పెట్టకముందే

మా పడవ అంత లోతుగా కుంగడానికి కారణం తర్వాత తెలిసింది. ముందు రోజు ఆరబెట్టడానికి తీసిన బో వైపు హ్యాచ్ (గాలి గది) మూత ఎవరూ తిరిగి పెట్టలేదు. ఈదబోయిన ఇద్దరూ బో, టూ సీట్లవాళ్లే. వాళ్ల కిందే పడవ ముందుగా దిగిపోయింది, భయపడటంలో వింత లేదు. నిండిన పడవ తేలేది సీట్ల కింద, రెండు చివర్లలో మూసి ఉన్న గాలి వల్లనే. 2000 డిసెంబరు 29న స్పెయిన్‌లో ఎబ్రో నది మీద ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ లైట్‌వెయిట్ క్లబ్ ఎయిట్ నిండినప్పుడు దానికి సీట్ల కింద మూసిన గదులు లేవు. పడవ మనుషులను మోయలేకపోయింది, ఒక విద్యార్థి మునిగి చనిపోయాడు. ఆ తల్లిదండ్రులు పడవల తేలే శక్తి కోసం ఏళ్ల తరబడి పోరాడారు. కాబట్టి మూతలు పెట్టారా అని ఇంకొకరిని అడిగి ఊరుకోవద్దు. మీ సీటు కింద మూత మీ చేత్తో తట్టి చూడండి.

షూస్ మడమల్ని పడవకు కట్టి ఉంచే మడమ తాళ్లు కూడా అంతే. మడమ లేచి పాదం అడ్డంగా మట్టానికి వచ్చేసరికి కాలు షూ లోంచి ఊడి రావాలి. తాడు పొడుగ్గా ఉన్నా, తెగి ఉన్నా బోల్తా పడ్డప్పుడు ఆ కాలు పడవతోనే కిందికి పోతుంది. లేసులు బిగించి ముడి వేయొద్దు.

బో బాల్ (పడవ మొనకు ఉండే రబ్బరు బంతి) గట్టిగా ఉందో లేదో చూడండి.

కాక్స్‌కి

ఎనిమిది మందీ వెనక్కి తిరిగి లాగుతారు. ముందు చూసేది నువ్వొక్కడివే, నీకూ నేరుగా ఎదురుగా ఏమీ కనిపించదు. ఎదురుగా స్ట్రోక్ (ఎనిమిదో సీటువాడు) ముఖం, దాని వెనక ఏడు తలలు. ఒక్కడే లాగే చిన్న పడవ, సింగిల్ స్కల్, ఒకటి సరిగ్గా ఆ గీతలోనే ఉంటుంది. బో సీటువాడిని పదిసార్లు లాగాక ఒకసారి తల తిప్పి చూడమను. అప్పుడప్పుడూ కొంచెం పక్కకు తిప్పి ఎదురు దారి ఖాళీగా ఉందో లేదో చూసుకో. మనుషులతో కలిపి ఎయిట్ 800 కిలోలకు పైనే, రేసులో సెకనుకు 5 మీటర్లకు పైనే పోతుంది. అరవగానే ఆగదు. బ్లేడ్లు నీళ్లలో గుచ్చి ఒక్కసారిగా ఆపే అత్యవసర ఆపుడు ప్రతి ఔటింగ్‌లోనూ ఒకసారి చేయించు.

లైఫ్ జాకెట్ అన్ని బట్టల మీద వేసుకో. రెయిన్ కోటు కింద వేసుకుంటే ఉబ్బినప్పుడు అది నీ ఛాతీనే నొక్కేస్తుంది. లాగేవాళ్లకు చెమట పడుతుంటే నువ్వు కదలకుండా తడిలో కూర్చుంటావు, ముందు చలి పట్టేది నీకే. రోయర్లూ వినండి: కాక్స్ మాట ముద్దగా వస్తోందంటే, పిలుపులు ఆగిపోయాయంటే వెంటనే ఒడ్డుకు తిప్పండి.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో.

పెద్ద పడవల అలలు దగ్గరదగ్గరగా వస్తుంటే పడవను వాటికి సమాంతరంగా తిప్పి ఆపండి. అలవైపు ఓర్లు కొంచెం లేపి, ఒంటి బరువు రెండోవైపు వేయండి.

ఉరుము వినిపిస్తే బయటికి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు దాటేదాకా నీళ్లలోకి వద్దు. మీ చేతిలో ఉన్నది కార్బన్ ఓర్.

రేసు స్టార్ట్ దగ్గర చాలాసేపు నిలబెడతారు. తడి చొక్కా మీద గాలి తగలనివ్వకండి, పొడి పొర ఒకటి పడవలో ఉండాలి.

వాతావరణం బాగాలేకపోతే, ఎంట్రీ ఫీజు కట్టేశామని రేసుకు నీళ్లలోకి దిగొద్దు. 1912లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పడవలు రెండూ ఒకే రేసులో మునిగాయి. వాళ్లకంటే మనం గట్టివాళ్లం కాదు.

తొమ్మిది మందిలో ఒక్కరు వద్దన్నా దిగొద్దు. ఎందుకని నిలదీయొద్దు.

క్రాబ్ పడి (ఓర్ నీళ్లలో ఇరుక్కుని వెనక్కి కొట్టి) ఎవరైనా ఎగిరి నీళ్లలో పడితే పడవ అక్కడే ఆపండి. పడ్డవాడు దగ్గర్లోని ఓర్ పట్టుకోవాలి. ఒడ్డు వైపు చూడొద్దు.

లాంచ్ లేకుండా చలినీళ్లలోకి ఎయిట్ వద్దు. లాంచ్‌లో రేకు దుప్పట్లు, విసిరే తాడు తప్పనిసరి. నడిపేవాడి ఒంటికి కిల్ కార్డ్ (అతను పడిపోతే ఇంజిన్ ఆపేసే తాడు) ఉండాలి. నీళ్లలో మనిషి దగ్గరికి వెళ్లాక ఇంజిన్ ఆపేయాలి.

బయటికి తీసినవాళ్లను పడుకోబెట్టండి, నడిపించొద్దు. చేతులు, కాళ్లు రుద్దొద్దు. వేడినీళ్ల స్నానం వద్దు, మద్యం అసలే వద్దు. తడిబట్టలు తీసి పొడివి కప్పండి, అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.

లాంచ్‌లో తొమ్మిది మంది పట్టరు. నీరసించినవాళ్లు ముందు. మిగతావాళ్లు పడవ పట్టుకునే ఉండాలి. లాంచ్ వచ్చింది కదా అని దానివైపు ఈదొద్దు, అదే మీ దగ్గరికి వస్తుంది. పడవను వదలొద్దు.

ఆఖరి మనిషిని ఎక్కించాక ఒక్కొక్కరి ముఖం చూస్తూ లెక్కపెట్టండి. తొమ్మిది రాకపోతే లాంచ్ అక్కడి నుంచి కదలొద్దు.