రైలు యాక్సిల్ క్రాక్ లెక్క తేడా కొడుతోందా? ముందు ఇవి చూడండి

క్రాక్ గ్రోత్ లెక్క వేసేవాళ్లు చాలామంది పారిస్ లాలో (ఒక్కో లోడ్ సైకిల్‌కి క్రాక్ ఎంత పెరుగుతుందో చెప్పే సూత్రం) సి, ఎం విలువల కోసం (మెటీరియల్‌ని బట్టి మారే సంఖ్యలు, సి గుణకం, ఎం ఘాతం) కొట్టుకుంటారు గానీ, నన్నడిగితే యాక్సిల్ విషయంలో ఎక్కువగా కొంప ముంచేది థ్రెషోల్డే, అంటే ఇంతకంటే తక్కువైతే క్రాక్ పెరగదని లెక్కలో పెట్టే హద్దు.

సమస్య: ప్రోగ్రాంకి 2 మి.మీ. క్రాక్ ఇచ్చి రన్ చేస్తే అసలు పెరగట్లేదు, లైఫ్ అనంతం అంటోంది.

కారణం: యాక్సిల్ మీద పడే లోడ్లలో చాలావరకు చిన్నవే, థ్రెషోల్డ్ చుట్టుపక్కలే ఉంటాయి, అందుకే ఆ విలువ కాస్త ఎక్కువ పెట్టినా ప్రోగ్రాం వాటన్నిటినీ సున్నా చేసి పారేస్తుంది. ఇంకో మెలిక ఉంది. ల్యాబ్‌లో థ్రెషోల్డ్ అని పిలిచేది సైకిల్‌కి మిల్లీమీటర్లో కోటో వంతు పెరుగుదలని, నిజంగా సున్నాని కాదు. 920 మి.మీ. చక్రం కిలోమీటరుకి దాదాపు 346 సార్లు తిరుగుతుంది, లక్ష కిలోమీటర్లకి 3.46 కోట్లు, గుణించి చూడండి, దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు!

పరిష్కారం: థ్రెషోల్డ్ ఎలా కొలిచారో అడగండి. లోడ్ తగ్గించుకుంటూ పోయే టెస్టులో క్రాక్ లోపల ఆక్సైడ్ పేరుకుని అది త్వరగా మూసుకుపోతుంది, విలువ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. కంప్రెషన్‌లో ప్రీక్రాక్ చేసి (నొక్కుడు లోడ్‌తో ముందే క్రాక్ పుట్టించి) తీసిన డేటా దొరికితే అది వాడండి, లేకపోతే దొరికిన విలువల్లో కింది హద్దు తీసుకోండి. తుప్పు గుంటలున్న యాక్సిల్ అయితే క్లీన్ స్టీల్ విలువని నమ్మొద్దు. ఇటలీలో వియారెజ్జో దగ్గర 2009 జూన్ 29న గ్యాస్ ట్యాంకర్ వ్యాగన్ యాక్సిల్ విరిగి 32 మంది పోయారు, అక్కడా తుప్పు సంగతి బయటపడింది.

సమస్య: టెస్టుకీ లెక్కకీ ఎనిమిది రెట్లు తేడా.

యాక్సిల్ తిరుగుతూ వంగుతుంది కాబట్టి లాగుడు, నొక్కుడు సమానం, అంటే ఆర్ (సైకిల్‌లో కనిష్ఠ స్ట్రెస్‌ని గరిష్ఠ స్ట్రెస్‌తో భాగిస్తే వచ్చేది) మైనస్ 1. పారిస్ లాలో ఎం ఘాతం వేసేది డెల్టా కె కి, అంటే ఒక సైకిల్‌లో క్రాక్ కొన దగ్గర స్ట్రెస్ తీవ్రత ఎంత మారిందో దానికి. దానికి కొందరు మొత్తం రేంజ్ తీసుకుంటారు, కొందరు లాగుడు సగమే తీసుకుంటారు. ఎం 3 అయితే రెండు రెట్ల తేడా కాస్తా ఎనిమిది అవుతుంది. మీ సి ఏ పద్ధతిలో తీశారో చూసి లెక్కలోనూ అదే పెట్టండి, అంతే.

తేడా ఎనిమిది కాకుండా వేలల్లో ఉందా, యూనిట్లే. డెల్టా కె యూనిట్ మెగాపాస్కల్ ఇంటూ మీటరు రూట్ నుంచి మెగాపాస్కల్ ఇంటూ మిల్లీమీటరు రూట్‌కి మార్చాలంటే 31.62 తో గుణించాలి, మర్చిపోతే ఎం 3 కి 31 వేల పైచిలుకు రెట్లు తప్పు.

సమస్య: యాక్సిల్ మధ్యలో బాగానే కుదురుతోంది, వీల్ సీట్ (యాక్సిల్ మీద చక్రం బిగించే చోటు) పక్కన మాత్రం నిజం క్రాక్ లెక్కకంటే స్పీడుగా పోతోంది.

చక్రాన్ని ప్రెస్ చేసి బిగించారు కదా, ఆ బిగింపు వల్ల వచ్చిన స్ట్రెస్ అక్కడ ఎప్పుడూ ఉంటుంది, ఆర్ మైనస్ 1 నుంచి పైకి జరిగి థ్రెషోల్డ్ తగ్గుతుంది. బిగింపుతో సహా మోడల్ చేసి అక్కడి ఆర్ విడిగా తీయండి. ఉపరితలాన్ని రోలింగ్ చేసిన యాక్సిల్ అయితే మాత్రం ఉల్టా, అక్కడ నొక్కుడు స్ట్రెస్ ఉంటుంది, అది కలపకపోతే మీ లెక్కే నిజంకంటే స్పీడు చూపిస్తుంది.