హైదరాబాద్‌లో ఏ ఏరియాలో ఇల్లు తీసుకోవాలి? ఆఫీసు, బడి, నీళ్లు చూసి తేల్చుకునే పద్ధతి

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతికేవాళ్లలో చాలామంది వెనక నుంచి మొదలుపెడతారు. ముందు అద్దె ఎంతో అనుకుంటారు, యాప్‌లో ఫిల్టర్ పెడతారు, ఫొటోలో కిచెన్ నచ్చుతుంది, టోకెన్ అడ్వాన్స్ కొట్టేస్తారు. స్కూల్ బస్సు ఆ కాలనీలోకి రాదన్న సంగతి జూన్‌లో బయటపడుతుంది. వరస మార్చండి. ముందు ఆఫీసు, ఇద్దరూ ఉద్యోగస్తులైతే రెండు ఆఫీసులూ. తర్వాత బడి. ఈ రెండూ కుదిరే రెండు మూడు ఏరియాలు తేలాక, అక్కడ మాత్రమే ఇల్లు చూడండి.

పదేళ్లలోపు పిల్లలుంటే ఒక నియమం పెట్టుకోండి: బడి ఇంటికి మూడు కిలోమీటర్లలోపు ఉండాలి, దూరాభారం ఎవరో ఒకరు మోయక తప్పదంటే పెద్దవాళ్లే మోయాలి. ఆఫీసు మారొచ్చు, ఇంటి నుంచి పనిచేసే రోజులు దొరకొచ్చు. రెండో తరగతి పిల్లకి పదకొండింటికి జ్వరం వచ్చిందని బడి నుంచి ఫోనొస్తే మాత్రం ఎవరో ఒకరు వెంటనే వెళ్లాల్సిందే.

ప్రయాణం: ఆదివారం చూసింది లెక్కలోకి రాదు

ఇల్లు చూడ్డానికి అందరూ ఆదివారమే వెళ్తారు. ఖాళీ రోడ్ల మీద ఇరవై నిమిషాల్లో చేరి, ఆఫీసు దగ్గరే అనుకుంటారు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉండే ఐటీ కారిడార్‌లో రద్దీ ఎక్కువగా ఉండేది మంగళ, బుధ, గురువారాల్లో. వారానికి మూడు రోజులు రమ్మనే కంపెనీలు ఎక్కువగా ఆ మూడు రోజులే పిలుస్తాయి మరి. గూగుల్ మ్యాప్స్‌లో 'అరైవ్ బై' నొక్కి, వచ్చే బుధవారం ఉదయం 9.30కి ఆఫీసు చేరేలా పెట్టండి. '35 నిమిషాల నుంచి గంటా పది' అని చూపిస్తే గంటా పదే రాసుకోండి. తిరుగు ప్రయాణం సాయంత్రం 6.30కి బయల్దేరేలా విడిగా చూడండి, చాలా రూట్లలో అదే ఎక్కువ. పెద్ద ఐటీ పార్కుల్లో సెల్లార్ నుంచి బండి తీసి గేటు దాటడానికే పది నిమిషాలు పడుతుంది. అది మ్యాప్‌లో కనిపించదు, మీరే కలుపుకోవాలి. వాన రోజు సంగతి వేరే చెప్పాలా.

మెట్రో ఉందన్న ఒక్క మాట నమ్మి ఇల్లు తీసుకోకండి. లైను ఎటు పోతుందో చూడండి. ఎరుపు లైన్ మియాపూర్ నుంచి ఎల్బీనగర్, నీలం లైన్ నాగోల్ నుంచి రాయదుర్గం, ఆకుపచ్చ లైన్ జేబీఎస్ బస్టాండు నుంచి ఎంజీబీఎస్ బస్టాండు. ఎరుపు, నీలం కలిసేది అమీర్‌పేటలో. కేపీహెచ్‌బీలో ఉండి హైటెక్ సిటీలో పనిచేసేవాళ్లకు ఇక్కడే లెక్క తప్పుతుంది. రోడ్డు మీద ఆ రెంటి మధ్య దూరం ఆరేడు కిలోమీటర్లే. మెట్రోలో మాత్రం అమీర్‌పేట దాకా వెనక్కి వెళ్లి, అక్కడ రైలు మారి, మళ్లీ పడమర వైపు రావాలి. ఇంటి నుంచి స్టేషన్‌కు, దిగాక ఆఫీసుకు నడక కూడా కలిపితే దాదాపు గంట. అందుకే అక్కడివాళ్లు జేఎన్‌టీయూ రోడ్డునో, 2022లో తెరిచిన కైతలాపూర్ వంతెన దారినో బండ్ల మీదే పోతుంటారు. మెట్రో ఎంత దగ్గరున్నా వాళ్లకు పెద్దగా కలిసిరాదు. అదే తార్నాక, హబ్సిగూడల్లో ఉండేవాళ్లు చాలా దూరమైనా రైలు మారకుండా కూర్చుని రాయదుర్గం చేరతారు.

నీలం లైన్ రాయదుర్గంతో ఆగిపోతుంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నానక్‌రామ్‌గూడ ఆఫీసులు అక్కణ్నుంచి ఇంకా కొన్ని కిలోమీటర్లు. కంపెనీ షటిల్ ఉందా, దాని ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో హెచ్‌ఆర్‌ను అడిగి తెలుసుకున్నాకే మెట్రో ఏరియాలో ఇల్లు చూడండి. షటిల్ లేకపోతే నల్లగండ్ల, తెల్లాపూర్, నార్సింగి, మణికొండ, పుప్పాలగూడల వైపే చూడాలి. 'మెట్రో వస్తోంది' అంటూ ఇప్పుడే అద్దె పెంచి చెప్పే ఓనర్లుంటారు. రాని మెట్రోకు అద్దె కట్టకండి.

లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ మీదుగా పోయే ఎంఎంటీఎస్ లోకల్ రైలు చాలా చవక. రైళ్లు తక్కువ కాబట్టి మీ షిఫ్టుకు ముందు కనీసం రెండు రైళ్లుంటేనే దాని మీద ఆధారపడండి. ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు 2023 డిసెంబర్ నుంచి ప్రయాణం ఉచితం. అయితే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. విజయవాడ నుంచో బెంగళూరు నుంచో వచ్చినవాళ్లు ఆధార్‌లో చిరునామా మార్పించుకునేదాకా బస్సు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇద్దరి ఆఫీసులు రెండు దిక్కుల్లో ఉంటే మధ్యలో ఎక్కడో తీసుకుని ఇద్దరూ సగం సగం అవస్థ పడటం మామూలుగా జరిగేది. అంతకంటే ఒకరిని రైలెక్కించి, ఇంకొకరిని బండి మీద పంపేలా చూడటం మేలు. ఒకరిది పోచారం, ఇంకొకరిది మాదాపూర్ అయితే హబ్సిగూడ, తార్నాక: ఒకరు వరంగల్ హైవే మీద రద్దీకి ఎదురు దిక్కున పోతారు, ఇంకొకరు నీలం లైన్ ఎక్కుతారు. లక్డీకాపూల్ ప్రభుత్వాఫీసు, హైటెక్ సిటీ జత అయితే అమీర్‌పేట, ఎస్సార్ నగర్, ఎర్రగడ్డ. ఆదిభట్లలో ఉద్యోగమైతే వనస్థలిపురం, బీఎన్ రెడ్డి నగర్. విమానాశ్రయంలో ఉద్యోగమైతే అత్తాపూర్, రాజేంద్రనగర్.

అద్దె తేడాను గంటల్లోకి మార్చి చూడండి

దూరంగా వెళ్తే అద్దె తగ్గుతుంది, నిజమే. ఎంత మిగులుతోందో కాగితం మీద వేసి చూడండి. ఉదాహరణకు కొండాపూర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాట్ 35,000, బాచుపల్లిలో అలాంటిదే 22,000 అని చెప్పారనుకుందాం. తేడా 13,000. ఆఫీసుకు ఒకవైపు 4 కిలోమీటర్ల బదులు 14 అయితే రోజుకు 20 కిలోమీటర్లు ఎక్కువ, 22 పనిదినాలకు 440. రద్దీలో కారు లీటరుకు 12 ఇస్తే సుమారు 37 లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన 3,900 పైచిలుకు. మిగిలేది 9,000 చిల్లర. రోజుకు గంటన్నర అదనంగా పోతే నెలకు 33 గంటలు. అంటే ఒక్కో గంటకు 275 రూపాయలు మిగులుతున్నాయి. కొందరికి ఇది గిట్టుబాటే.

ఇప్పుడు ఇద్దరూ అటే, వేర్వేరు కార్లలో, వేర్వేరు వేళల్లో వెళ్తారనుకోండి. పెట్రోలు రెట్టింపై మిగులు 5,200కు పడిపోతుంది, రోడ్డు మీద పోయేది 66 గంటలు. గంటకు 80 రూపాయల కోసం రోడ్డున పడటం. ఇద్దరి ఆఫీసులూ ఒకే కారిడార్‌లో ఉన్నప్పుడు దూరపు చవక ఇల్లు తీసుకోవడం మా దృష్టిలో తెలివైన పని కాదు. మీ అంకెలు వేసి చూసుకోండి. మెయింటెనెన్స్, స్కూల్ బస్సు ఫీజు కూడా రెండు వైపులా రాయడం మరిచిపోవద్దు.

బడి: బోర్డు కన్నా ముందు అడగాల్సినవి

నర్సరీ, ఎల్‌కేజీ సీట్లకు పేరున్న బళ్లు నవంబర్ నుంచే అప్లికేషన్లు తీసుకుంటాయి. ఏప్రిల్‌లో వెతికితే మిగిలిపోయిన సీట్లే దొరుకుతాయి. స్టేట్ సిలబస్ బళ్లు జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. సీబీఎస్ఈ బళ్లు చాలావరకు మార్చి ఆఖర్లోనో ఏప్రిల్‌లోనో కొత్త తరగతి మొదలుపెట్టి, కొన్ని వారాలు నడిపి వేసవి సెలవులిస్తాయి. ఇల్లు మారే నెల దీన్నిబట్టి పెట్టుకోవాలి. తొమ్మిదో తరగతికి ముందే మారడం మంచిది. సీబీఎస్ఈలో పదో తరగతికి నేరుగా చేరడం బోర్డు ప్రత్యేక అనుమతి మీద తప్ప కుదరదు.

ఇంకో రాష్ట్రం నుంచో దుబాయ్, అమెరికాల నుంచో వచ్చే కుటుంబాలు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడిలోనైనా పదో తరగతి దాకా తెలుగు ఒక సబ్జెక్టుగా ఉండాల్సిందే. పిల్లకి అక్షరాలు రాకపోతే బడిలో మొదటి ఏడాది ఎలా నెట్టుకొస్తారో, విడిగా క్లాసు పెడతారో లేదో అడగండి.

కొన్ని చోట్ల బోర్డు మీద 'సీబీఎస్ఈ' అని ఉంటుంది గాని గుర్తింపు మాత్రం అదే యాజమాన్యం నడిపే ఇంకో బ్రాంచికి ఉంటుంది. పిల్లలు ఇక్కడ చదివి, పరీక్ష రికార్డుల్లో అక్కడి విద్యార్థులవుతారు. సీబీఎస్ఈ సైట్‌లో అఫిలియేషన్ నంబర్ కొట్టి, అందులోని చిరునామా మీరు నిలబడ్డ క్యాంపస్‌దేనా చూడండి. ప్రభుత్వం ప్రతి బడికీ ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడ్ కూడా అడగండి, తెలంగాణలో అది 36తో మొదలవుతుంది. చెప్పడానికి నసిగారంటే ఆ బడిని పక్కన పెట్టేయండి. ఆట స్థలం ఎక్కడని అడిగితే టెర్రస్ చూపించే బళ్లకు, పేరు చివర 'ఐఐటీ ఫౌండేషన్' లాంటి తోకలు తగిలించుకున్నవాటికి ఈ ఊళ్లో కొదవ లేదు. మూడో తరగతి నుంచే ఐఐటీ మాట ఎత్తే బడి మీద నమ్మకం పెట్టుకోవడం మీ ఇష్టం.

బస్సు గురించి 'మీ ఏరియాకు వస్తుంది' అంటే సరిపోదు. మీ వీధి దగ్గర ఏ పాయింటు, రూట్లో అది ఎన్నో స్టాపు, ఉదయం ఎన్నింటికి, తిరిగి దింపేది ఎన్నింటికి అని అడిగి, మెయిల్‌లో రాయించుకోండి. మొదటి స్టాపు పిల్లలు 6.40కే రోడ్డు మీద ఉంటారు, మూడు కిలోమీటర్ల బడికి గంటసేపు ఊరంతా తిరిగి చేరతారు. జూన్‌లో కొత్త పిల్లలు చేరాక రూట్లు మారిపోతాయి కూడా. నడిచిపోయే దూరంలో బడి ఉంటే ఈ తలనొప్పి మొత్తం పోతుంది. కాని మధ్యలో పెద్ద రోడ్డు దాటాలా, ఫుట్‌పాత్ ఉందా అన్నది నడిచి చూస్తేనే తెలుస్తుంది.

ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఇంకొకటి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. స్టేట్ సిలబస్ పిల్లలు మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా బయటికొచ్చేస్తారు. ఏప్రిల్ ఆఖరు దాకా ఆ మధ్యాహ్నాలు ఎవరు చూస్తారు? అమ్మమ్మో నానమ్మో రాగలరా, దగ్గర్లో డే కేర్ ఉందా? ఏరియా ఖాయం చేసుకునే ముందే తేల్చుకోవాలి.

ఇల్లు: సెల్లార్‌లోకి దిగండి, కుళాయి చూడండి

పెళ్లిచూపులకు వెళ్లినట్టు హాలూ బాల్కనీ చూసి వచ్చేయకండి. ముందు వాచ్‌మన్‌తో మాట్లాడండి. జలమండలి (నగర నీటి సంస్థ) కుళాయి నీళ్లు రోజు విడిచి రోజా, ఎన్ని గంటలు? బోరు ఎండాకాలంలో ఎన్నాళ్లు పోస్తుంది? కిందటి ఏప్రిల్‌లో రోజుకు ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు? మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన నలుగురున్న ఇంటికి 540, ఇరవై ఫ్లాట్లకు 10,800 లీటర్లు. బోరు ఎండిపోయి కుళాయి నీళ్లు రాని రోజు అంటే రెండు 5,000 లీటర్ల ట్యాంకర్లు కూడా చాలవు. ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసుందా, వేసవిలో విడిగా వసూలు చేస్తారా అని అసోసియేషన్‌ను అడగండి. ఓనర్ చెప్పే మెయింటెనెన్స్ అంకె సాధారణంగా డిసెంబర్ నెలది. నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం కూడా ఫ్లాట్లవారీగా ఆధార్ అనుసంధానం చేయించుకున్న అపార్ట్‌మెంట్లకే పూర్తిగా అందుతుంది. అది అయిందో లేదో కనుక్కోండి.

బాత్రూమ్‌లో కుళాయి మూతి, షవర్ రంధ్రాలు చూడండి. తెల్లగా సున్నం పేరుకుపోయి ఉంటే బోరు నీళ్లు గట్టివని అర్థం, గీజర్ కాయిల్ కూడా ఊరికే పాడవుతుంటుంది. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే టీడీఎస్ మీటర్ కొన్ని వందల్లో వస్తుంది, జేబులో వేసుకెళ్లండి. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిదంటారు, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు.

తర్వాత సెల్లార్. గోడల మీద అడుగు ఎత్తునో మోకాలెత్తునో గోధుమరంగు గీత వరసగా కనిపిస్తోందా? ఒక మూల మోటారు, పైపు శాశ్వతంగా బిగించి ఉన్నాయా? లిఫ్టు గుంతలో తడి ఉందా? ఉంటే ఆ సెల్లార్ వానకు మునుగుతుంది, మీ కారు కూడా మునుగుతుంది. 2020 అక్టోబర్ వరదల్లో టోలిచౌకి నదీం కాలనీ, సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగాయి. నిజాంపేట భండారీ లేఅవుట్ పేరు కూడా గట్టి వానలప్పుడు తరచూ వింటుంటాం. చెరువు కిందో నాలా పక్కనో ఉన్న వీధయితే ఎదురింటి కిరాణా కొట్టులో అడగండి, ఓనర్ దాచిన సంగతి అక్కడ దొరుకుతుంది. కొనే ఆలోచన ఉంటే నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ పటాల్లో చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ హద్దులు, ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే ఈసీ, ప్రాజెక్టు రెరా రిజిస్ట్రేషన్ నంబర్ చూడందే అడుగు వేయకండి. చెరువులూ నాలాల ఆక్రమణలపై ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు 2024 నుంచి చూస్తూనే ఉన్నాం. కొత్త ఏరియా అయితే ముందు ఏడాది అద్దెకు ఉండి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూశాకే కొనడం మంచిది.

పై అంతస్తు, పడమటి గోడ ఉన్న పడగ్గది మే నెలలో కొలిమే. జనరేటర్ లిఫ్టుకేనా, ఇంట్లో లైట్లకూ ఫ్యాన్లకూ కూడానా? పార్కింగ్ మీ ఒక్కరిదేనా, లేక వెనక కారు తీయాలంటే ముందువాళ్లను లేపాలా?

అడ్వాన్స్ ఇచ్చే ముందు

హైదరాబాద్‌లో అడ్వాన్స్ మామూలుగా రెండు నెలల అద్దె. బ్రోకర్ ఒక నెల అడుగుతాడు, బేరమాడితే సగానికి దిగే సందర్భాలూ ఉంటాయి. అగ్రిమెంటు 11 నెలలకు రాయడం వాడుక. బడి ఏడాది మధ్యలో ఖాళీ చేయమంటే పిల్లలు ఇబ్బంది పడతారు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మొదలయ్యేలా చూసుకుని, కనీసం ఒకసారి పొడిగించుకునే హక్కు, అప్పుడు పెంపు ఎంత శాతమో అందులోనే రాయించండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో నెల అద్దె కోసేయడం ఇక్కడ మామూలు. ఎంత కోస్తారో, నోటీసు ఒక నెలా రెండు నెలలా అన్నదీ రాతలో ఉండాలి.

చివరగా, కరెంటు బిల్లు మీద ఉండే యూనిక్ సర్వీస్ నంబర్ తీసుకుని డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సైట్‌లో పాత బకాయిలు చూడండి. తాళాలు తీసుకునే రోజు ఓనర్ ఎదురుగానే మీటర్ రీడింగ్, గోడల తేమ మచ్చలు, పగిలిన టైల్స్ వీడియో తీసి, అక్కడికక్కడే ఆయనకు వాట్సాప్ చేయండి.