దుప్పటి బదులు సంచి గౌను

డిసెంబరు, జనవరి నెలల్లో తిరుపతిలో తెల్లవారుజామున చలి బాగానే ఉంటుంది. పాపకు దుప్పటి కప్పితే తన్నేస్తుంది, లేదా అది మొహం మీదికొచ్చేస్తుంది. ఏడాదిలోపు పిల్లలకు అదే ప్రమాదం, ఊపిరాడదు.

పాత కాటన్ చీరతో చేతుల్లేని గౌను కుట్టించండి. భుజం నుంచి మడమ దాకా కొలిచి, ఇంకో బెత్తెడు ఎక్కువ పెట్టి, అడుగు మూసేయాలి. భుజాల దగ్గర టిచ్ బటన్లు గట్టిగా కుట్టించండి. నాడాలు, రిబ్బన్లు వద్దు. మెడ వదులైతే తల లోపలికి జారుతుంది, అది మాత్రం చూసుకోండి. లోపల పొడుగు చేతుల జుబ్బా వేసి, గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఆవాల దిండు కూడా తీసేయండి, పెద్దవాళ్లు ఏమన్నా సరే.

మెడ వెనక చెమట తగిలినా, జ్వరం ఉన్నా గౌను విప్పేయాలి. మన ఎండాకాలంలో అసలు వాడొద్దు, పల్చటి జుబ్బా చాలు.